ఇక్కడ నవ్వు

పాస్టరుగారికి నాలుగు పాఠాలు దొరికాయి. అయిదోది దొరకడం లేదు.

ఆ ఒక్కదాని కోసం ఆయన మూడు రోజులుగా కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతున్నారు. గురువారం పొద్దున చుట్టుపక్కల పాస్టర్లందరికీ ఆయన చర్చిలోనే సమావేశం. క్రిస్మస్ నాటి గొర్రెల కాపరుల నుంచి పాస్టర్లు నేర్చుకోవలసిన పాఠాలేమిటో ఆయనే చెప్పాలి. అందరిమీదా అధికారం ఉన్న పెద్దయ్యగారు స్వయంగా వచ్చి వింటారు. పాస్టర్లకి చదువు చెప్పే బడిలో ఒక కుర్చీ ఖాళీగా ఉందనీ, ప్రసంగం నచ్చితే అది మీదేననీ పెద్దయ్యగారి మనిషి ముందే చెవిలో వేసిపోయాడు. ఇరవై రెండేళ్లుగా జబ్బులకీ చావులకీ మొగుడూపెళ్లాల తగాదాలకీ ఊరందరి మెట్లూ ఎక్కి దిగిన మనిషికి కూర్చుని పాఠం చెప్పుకునే ఉద్యోగం అంటే ఆశ ఉండదా? ఉంది. చాలా ఉంది. పైకి చెప్పుకోవడానికే మొహమాటం.

ప్రసంగం రాయడంలో ఆయనకో పద్ధతుంది. మొత్తం నీలం సిరాతో రాస్తారు. జనాన్ని నవ్వించవలసిన చోట, ఆ వాక్యం పక్కనే ఎర్రపెన్సిలుతో ‘ఇక్కడ నవ్వు’ అని రాసుకుంటారు. అక్కడికి రాగానే ఆగి కళ్లజోడు సవరించుకుంటారు. జనం నవ్వుతారు. ఆ పెన్సిలు ఆయన్ని ఎన్నడూ నట్టేట ముంచలేదు. ఈ ప్రసంగంలో కూడా మూడు చోట్ల రాసుకున్నారు.

సోమవారం చర్చి సెక్రటరీ వచ్చి కుర్చీలు వెయ్యడం గురించి మాట్లాడుతూ, బల్ల మీద ‘అయిదు’ అనే అంకె కింద ఖాళీగా ఉన్న కాగితం చూశాడు. ఈ సెక్రటరీ చేతికిచ్చిన కాగితాన్ని అక్షరం వదలకుండా చదివే మనిషి. ఒకసారి పెళ్లి ప్రకటన చదువుతూ అడుగున ఉన్న ప్రెస్సు పేరు, ఫోను నంబరు కూడా చదివేశాడు. పెళ్లికూతురు తండ్రి ఏడాదిపాటు సెక్రటరీతో మాట్లాడలేదు.

"పుస్తకాల్లో వెతకడం ఎందుకండీ? రైలుగేటు అవతల ఒకాయన గొర్రెల్ని పెంచుతున్నాడు. వెళ్లి అడిగితే పోలా?" అన్నాడు సెక్రటరీ.

పాస్టరుగారికి ఆ మాట నచ్చింది. గొర్రెల గురించి ఇన్నేళ్లు మాట్లాడారుగాని ఒక్క గొర్రెనీ చేత్తో ముట్టిన పాపాన పోలేదు. నోటుబుక్కు జేబులో పెట్టుకుని, పాలిష్ చేసిన బూట్లతో రైలుగేటు దాటారు.

కట్టెలమిల్లు వెనక రేకుల కొట్టం, చుట్టూ ముళ్లకంప. లోపల గొర్రెలాయన ముక్కాలిపీట మీద కూర్చుని, ఒక గొర్రెని వెనక్కి వాల్చి, మోకాళ్ల మధ్య ఇరికించుకుని గిట్టలు చెక్కుతున్నాడు. పెరిగిన గిట్ట అంచు వంపు తిరిగి, లోపల బురద కూరుకుని కుళ్లింది. కత్తిమొనతో ఆ కుళ్లు తీసి, కాలిని పక్కనున్న మైలుతుత్తం నీళ్లలో ముంచి పట్టుకున్నాడు. వాసన గుప్పుమంది. పాస్టరుగారు దగ్గు వచ్చినట్టు చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"గొర్రెలు మీ గొంతు గుర్తుపడతాయి కదా?" అని అడిగారు పెన్ను తీసి.

"నా గొంతా? నేను పిలిస్తే తలైనా ఎత్తవండీ. మా ఆవిడ పిలిస్తే వస్తాయి."

పాస్టరుగారు ఏం రాసుకోవాలో తెలియక తేదీ వేసుకున్నారు. తర్వాత తనకి తెలిసిన కథ చెప్పారు. కాపరులు పొలంలో మందని కాచుకుంటున్నారు, దూత వచ్చి కబురు చెప్పాడు, వాళ్లు లేచి గబగబా ఊళ్లోకి వెళ్లి పశువుల తొట్టిలో ఉన్న బిడ్డని చూశారు. చెప్పి చెప్పి నోటికి వచ్చిన కథ, చక్కగా చెప్పారు.

గొర్రెలాయన రెండో కాలు పట్టుకుని ఆలోచించాడు. "అందరూ వెళ్లారా?"

"అందరూ వెళ్లారు."

"మరి మందని ఎవరికి అప్పజెప్పారు?"

ఈ ప్రశ్న పాస్టరుగారిని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. "దేవదూతలు చూసుకుని ఉంటారు," అన్నారు.

"వాళ్లకి గొర్రెల సంగతి తెలుసా?" అన్నాడు గొర్రెలాయన. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. "ఏమోలెండి. నేను చర్చికి రాను, నాకు తెలీదు. మా ఆవిణ్ణి అడగండి. మీ చర్చికే వచ్చేది."

"వచ్చేదా?"

"తొమ్మిదేళ్లు వచ్చింది. వానలప్పటి నుంచి మానేసింది."

పాస్టరుగారు కళ్లు మూసుకుని బెంచీలన్నీ ఒకసారి తడుముకున్నారు. ఎవరూ తగల్లేదు. ఆ తికమకలో అడగకూడని మాట ఒకటి అడిగేశారు. "ఆవిడ ఎలా ఉంటారు?"

కత్తి ఆగింది. గొర్రెలాయన తలెత్తి ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"మనిషిలాగే ఉంటుందండీ," అని మళ్లీ గిట్ట మీదకి వంగాడు.

మంగళవారమంతా ఆ మాట పాస్టరుగారి చెవిలో జోరీగలా తిరిగింది. సెక్రటరీని అడిగితే గుర్తులేదన్నాడు. మధ్యాహ్నం భార్యని అడిగారు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని, సమావేశం రోజు వేసుకోవలసిన నల్లకోటు గుండీలు బిగిస్తోంది.

"ముదురాకుపచ్చ శాలువా కప్పుకుని, తలుపు పక్కన, చెప్పులు విడిచేచోట కూర్చునేది," అంది. "క్రిస్మస్‌కి పశువులపాకలో పెడతామే మట్టి గొర్రెపిల్లలు, వాటికి అతికించిన బొచ్చు ఆవిడ ఇచ్చిందే. తనే కూర్చుని అతికించింది."

"అది కొట్లో కొన్నది కాదా?"

"కొట్లో అంత మంచిది ఎక్కడ దొరుకుతుంది?"

"మరి ఎందుకు మానేసినట్టు?"

ఆమె దారం కొరికి తెంపింది. మొగుడి మొహంలోకి చూడకుండా, "మీరే కదా అన్నారు," అంది.

"నేనేమన్నాను?"

"వానకి తలుపులన్నీ మూసేశాం. తడిసిన ఉన్ని వాసనొస్తోందని ముందు బెంచీలవాళ్లు మీకు చెప్పారు. ఆ ఆదివారం మీరు, దేవుడికి గొర్రెలంటే ఇష్టమేగాని, ఆదివారం వచ్చేటప్పుడు మీ గొర్రెల్ని వాటి వాసనతో సహా ఇంటిదగ్గర దింపి రండి అన్నారు. అందరూ నవ్వారు." సూది దారపుకండెకి గుచ్చి, "నేనూ నవ్వాను," అంది.

పాస్టరుగారికి గుర్తు రాలేదు. అంత మాట తాను అనడమేమిటి? నోరు జారి ఉండాలి. వేడిమీద ఏదో అని ఉండాలి. తన తప్పు లేదని తనకే నమ్మకం కలిగించుకోవడానికి అలమారలోంచి పాత ప్రసంగాల కట్ట దించి, వానాకాలం కాగితాలు ఒక్కొక్కటే తీశారు. దొరికింది. మంచి కాపరి గురించిన ప్రసంగం అది. రెండో పేజీ మధ్యలో ఆ వాక్యం నీలం సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. దాని పక్కన ఎర్రగా, ‘ఇక్కడ నవ్వు’.

నోరు జారలేదు. శనివారం సాయంత్రం టీ తాగుతూ కూర్చుని ఆలోచించి రాసిన మాట అది. ఆయనకి తల కొట్టేసినట్టయింది. కాగితం మళ్లీ కట్టలో పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. భార్యకి చూపించలేదు.

బుధవారం క్షమాపణ చెప్పుకుందామని మళ్లీ రైలుగేటు దాటారు. గొర్రెలాయన మందని తోలుకుని దూరం బీడుకి వెళ్లాడట. ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆరు గొర్రెలతో ఆయన భార్య కొట్టంలో ఉంది. ఆకుపచ్చ శాలువా నడుముకి బిగించి కట్టుకుంది. చూడగానే గుర్తుపట్టారు. తొమ్మిదేళ్లు చెప్పుల పక్కన కనిపించిన మొహమే. ఇన్నాళ్లూ అక్కడి గోడలాగా, గడపలాగా చూశారు.

ఆవిడ చేతులు ఖాళీగా లేవు. తెల్లవారుతూనే ఒక గొర్రె చచ్చిన పిల్లని ఈనింది. ఇంకో గొర్రె రెండు పిల్లల్ని వేసింది, రెండింటికీ సరిపోయే పాలు దానికి లేవు. చచ్చిన పిల్ల తోలు నిండుగా ఒలిచి, కాళ్లు దూరడానికి నాలుగు చోట్ల చిల్లులు పెట్టి, ఆవిడ దాన్ని పసిపిల్లల చొక్కాలా పట్టుకుని ఉంది.

"వందనాలు అయ్యగారూ. మంచి వేళకి వచ్చారు. ఆ పిల్లని కాస్త ఎత్తి పట్టుకోండి."

నోటుబుక్కు, చేతిరుమాలు, క్షమాపణ అన్నీ జేబులోనే ఉండిపోయాయి. వణుకుతున్న పిల్ల ముందుకాళ్లు ఆయన చేతిలో ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్క కాలే చిల్లులోంచి లాగి తోలు తొడుగుతోంది.

"ఇదెందుకమ్మా?"

"పిల్ల పోయిన ఆ తల్లికి తన పిల్ల వాసనే గుర్తండీ. ఇంకే వాసనొచ్చినా కుమ్మేస్తుంది, దగ్గరికి రానివ్వదు. ఈ తోలు మీద రెండు రోజులు తాగనిచ్చిందంటే, తర్వాత ఇదే తన పిల్లనుకుంటుంది."

పాస్టరుగారు పిల్ల కాళ్లు సర్ది పట్టుకున్నారు. "అమ్మా, వానాకాలంలో నేనొక మాటన్నాను..."

"ఆఁ. గొర్రెల్ని ఇంటిదగ్గర దింపి రమ్మన్నారు."

"అది మీకు తగులుతుందనుకోలేదు."

"ఇంకెవరున్నారండీ అక్కడ గొర్రెలవాళ్లు? నేనొక్కదాన్నే." గొంతులో కోపం లేదు. "వాసన నిజమే కదా. నాకు తెలీదుగాని, ఉండే ఉంటుంది."

"మనిషి అన్నాక ఒక్కొక్కసారి పొరపాట్లు..." అని మొదలుపెట్టారు. రెండు వాక్యాలు చెప్పేసరికి అది ప్రసంగంలాగా సాగడం ఆయన చెవులకే వినిపించింది. ఎలా ఆపాలో తెలియలేదు.

"కాస్త బిగించి పట్టుకోండి అయ్యగారూ, జారిపోతోంది," అంది ఆవిడ. ఆయన బతుకుజీవుడా అని ఆపేశారు.

పిల్లని తల్లి ముందు దింపారు. తల్లి తోలు వాసన చూసి, తల వాసన చూసి, ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల పల్టీ కొట్టి లేచి నిలబడింది. ఆవిడ ఏమీ కంగారు పడలేదు. చేతులు కడుక్కుంటుంటే పాస్టరుగారు, సోమవారం తనని నిలదీసిన ప్రశ్నని ఆవిడ ముందు పెట్టారు. కాపరులు వెళ్తూ వెళ్తూ మందని ఎవరికి అప్పజెప్పి ఉంటారు?

"ఎవరో ఒకరు ఆగే ఉంటారండీ. ఈనేవి ఉంటే అసలు వదలరు. మా ఇంట్లో అయితే నేను ఆగుతాను." ఆవిడ తడి చేతులు శాలువాకి తుడుచుకుంది. "వెళ్లినవాళ్లు మళ్లీ మంద దగ్గరికి వచ్చారా? అది రాసుందా?"

"రాసుందమ్మా. తిరిగి వెళ్లారని ఉంది."

"అయితే ఫరవాలేదు. వచ్చి ఆగినవాళ్లకి చెప్పుంటారు."

అయిదోది! పాస్టరుగారి చెయ్యి దానంతటదే జేబులోకి పోయి నోటుబుక్కు తీసింది. సగం రాశాక, ఎదురుగా ఆవిడ నిలబడి చూస్తోందని గ్రహించి ఆగిపోయారు.

"రాసుకోండి," అంది ఆవిడ.

ఆయనకి సిగ్గేసింది. ఆ సిగ్గులో ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది. "మీరు ఒకసారి చర్చికి వచ్చి పశువులపాక చూడాలి. రేపు పొద్దున్నే పెడుతున్నారు. ఇక్కడ నేను ఉంటాను."

"మీరా?" ఆవిడ నవ్వబోయి మానేసింది. మొహం విప్పారింది. "రేపంటే సరేనండీ. ఈ ఏడాది చూడననుకున్నాను."

రైలుగేటు పడింది. గూడ్సుబండి ఒక్కొక్క పెట్టే దాటుతుంటే, రేపు గురువారమని పాస్టరుగారికి అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికెళ్లి అయిదోది రాయడానికి కూర్చున్నారు. ‘ఒక గొర్రెలావిడ నాతో ఏమందంటే’ అని మొదలుపెట్టగానే చెయ్యి ఎర్రపెన్సిలు కోసం తడిమింది. ఆయన ఉలిక్కిపడి ఆ కాగితం చింపేశారు. ‘అయిదు’ అని ఇంకో కాగితం మీద రాసి, కింద ఏమీ రాయకుండా లేచారు. రేపు తొందరగా వెళ్లి, ఇంకో రోజు పెట్టుకుందామని ఆవిడకి నచ్చజెప్పాలి. నచ్చజెప్పడం తనకి చేతకాని విద్యేం కాదు.

గురువారం ఎనిమిదిన్నరకి నల్లకోటు వేసుకుని, కాగితాలు లోపలి జేబులో పెట్టుకుని కొట్టం చేరారు. ఆవిడ కంపగేటు దగ్గరే సిద్ధంగా నిలబడి ఉంది. ఉతికిన బట్టలు. శాలువా లేదు, ఆ చలిలో ఉత్త భుజాలతో ఉంది. జుట్టు ఇంకా తడిగా ఉంది. సబ్బు వాసన నాలుగు అడుగుల దూరంనుంచే తెలుస్తోంది.

"మూడుసార్లు రుద్దుకున్నానండీ," అంది చేతులు ముందుకి చాచి. "ఇంకా వస్తోందేమో ఒకసారి చెప్పండి."

ఆ చేతుల చర్మం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏమీ రావట్లేదమ్మా," అన్నారు పాస్టరుగారు. తర్వాత ఏం చేస్తున్నారో ఆయనకే తెలిసినట్టు లేదు. జేబులోంచి ప్రసంగం తీసి, వెనకవైపు సెక్రటరీకి రెండు ముక్కలు గీకారు: ఇవి తెచ్చినావిడని ముందు బెంచీలో కూర్చోబెట్టాలి. తాను రాలేరు గనక, ఇందులో ఉన్నది ఉన్నట్టుగా చదివి వినిపించాలి.

"ఇవి సెక్రటరీగారికి ఇవ్వండి," అన్నారు.

ఆవిడ కాగితాలని శుభ్రమైన అరచేతుల మీద పెట్టుకుని వెళ్లింది. వెళ్లేముందు కర్ర ఆయన చేతిలో పెట్టి, ఈనేవి ఇబ్బంది పడితే పక్కన మిల్లులో కేకెయ్యమని చెప్పింది. తోలు తొడిగిన పిల్లని తల్లి తాగనిస్తుందో లేదో చూస్తూ ఉండమంది.

ఇప్పుడు పరుగెత్తినా అందుకోవచ్చు అని పావుగంట వరకూ అనుకున్నారు. అరగంటకి, ఇక అందుకోలేం అనుకున్నారు. తాను మాట నిలబెట్టుకుంటున్నారా, అయిదోది లేని ప్రసంగంనుంచి పారిపోయి వచ్చారా? రెండూ నిజమే అనిపించింది. రెండూ అబద్ధమే అనిపించింది. చేజారిపోయే కుర్చీ గుర్తొచ్చింది. ఒక గొర్రె వచ్చి కోటు అంచు నమలడం మొదలుపెట్టింది. "పోమ్మా," అంటే పోలేదు. కర్ర చూపిస్తే కర్ర నమిలింది.

పదకొండు దాటాక తోలు పిల్ల మళ్లీ తల్లి దగ్గరికి వెళ్లింది. తల్లి కుమ్మింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ కుమ్మింది. పాస్టరుగారు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నాలుగోసారి తల్లి ఆ తోలుని చాలాసేపు వాసన చూసి ఊరుకుంది. పిల్ల కిందికి దూరి పొదుగు అందుకుంది. దాని తోక గిలగిలా ఆడింది. పాస్టరుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో ఆయనకే అర్థం కాలేదు. చెప్పుకుందామంటే చుట్టూ మనిషన్నవాడు లేడు.

ఒంటిగంటకి ఆవిడ వచ్చింది.

"తాగిందమ్మా," అన్నారు ఆయన, పలకరింపు కూడా లేకుండా.

ఆవిడ ముందు వెళ్లి పొదుగు చూసింది, పిల్ల పొట్ట తడిమింది. తృప్తిగా లేచింది. "పాక బాగుందండీ. నేనిచ్చిన బొచ్చు పచ్చబడిపోయింది, వచ్చే ఏడాదికి మార్చాలి. ఒక పిల్లని గోడవైపు తిప్పి పెట్టారు. నేనే సరిచేసి వచ్చాను."

"సమావేశం?"

"సెక్రటరీగారు చదివారు. అయిదు అని చదివి ఆగిపోయారు, కింద ఏమీ లేదన్నారు. అయ్యగారెక్కడ అని పెద్దయ్యగారు అడిగితే, గొర్రెల దగ్గర ఉన్నారని చెప్పారు. నలుగురైదుగురు పాస్టర్లు అది కూడా రాసుకున్నారండీ, ఎందుకో మరి. పెద్దయ్యగారు మాత్రం టీ అయినా తాగకుండా వెళ్లిపోయారు."

కుర్చీ పోయిందన్నమాట. అనుకున్నదే అయినా బాధ బాధే. పాస్టరుగారు కర్ర మీద బరువు వేసి నిలబడ్డారు.

"మధ్యలో మూడుసార్లు సెక్రటరీగారు ‘ఇక్కడ నవ్వు’ అని గట్టిగా చదివారు," అంది ఆవిడ.

ఆయన నెత్తిన పిడుగు పడ్డట్టయింది. "చదివాడా?"

"ఉన్నది ఉన్నట్టు చదవమని రాశారటగా. మొదటిసారి అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రెండోసారి పెద్దయ్యగారు దగ్గారు."

"నవ్వారా?"

"ఎవరూ నవ్వలేదండీ. నేనొక్కదాన్నే నవ్వాను. ఆపుకుందామన్నా ఆగలేదు. ముందు బెంచీ కదా, అందరికీ వినపడింది." ఆ నవ్వు ఇంకా కొంచెం ఆవిడ పెదాల మీద ఉంది. మెల్లిగా పోయింది. "అయ్యగారూ, ఆ వానాకాలం మాట. దాని పక్కన కూడా అలా రాసుందా?"

గొర్రెలు నెమరేస్తున్నాయి. మిల్లులో రంపం ఒక దుంగ కోసి ఆగింది. లేదు అంటే సరిపోతుంది. నోరు జారానంటే ఆవిడ నమ్ముతుంది.

"రాసుంది," అన్నారు పాస్టరుగారు.

ఆవిడ తల ఊపింది. "ఇన్నాళ్లూ నోరు జారారనుకున్నాను," అంది.

ఆవిడ కంపకి తగిలించిన శాలువా తీసి, దులిపి, కప్పుకుంది. గొర్రెలు వాసన పట్టి ఒక్కొక్కటే లేచి ఆవిడ దగ్గరికి వచ్చాయి.

"ఆదివారం రాలేరు కదా," అన్నారు పాస్టరుగారు చివరికి.

"ఎలా వస్తానండీ, ఇంకా ఈనేవి ఉన్నాయి. మీకేమో ఆరాధన ఉంటుంది."

"పన్నెండుకి అయిపోతుంది. అవగానే ఇక్కడికి వస్తాను. ఏం జరిగిందో మొత్తం చెప్తాను."

ఆవిడ చెయ్యి చాచి, ఆయన ఇంకా పట్టుకునే ఉన్న కర్రని తీసుకుంది.

"రండి," అంది. "కాగితం మాత్రం తేకండి."